యంత్రమనుష్యుఁడును వెట్టివాఁడును

భయము ప్రాణికి సహజము. పామును జూచి వెఱచుట, చీఁకటిని జూచి వెఱచుట ప్రాణరక్షణమునకై ప్రకృతి యొసఁగిన బుద్ధి. కాని తన చేతులతోఁ దాను జేసిన వస్తువును జూచి తానే వెఱచుట మనుష్యజాతికిఁ బ్రత్యేకమైన గుణము. మట్టితో బొమ్మను జేసిన కుమ్మరి, ఆ బొమ్మ లేచి తన్నుఁ గొట్టునని భయపడఁడు. ఇనుముతో బొమ్మను జేసిన నాగరకుఁడు మాత్రము నూఱేండ్లుగా నట్టి భయముతోఁ గాలము పుచ్చుచున్నాఁడు. ఈ భయ మెక్కడఁ బుట్టెను, ఏ త్రోవను మన యిండ్లకు వచ్చెను, అందు నిజమెంత, భ్రమ యెంత యను సంగతులను విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా మన ముంగిటి సంగతినే చూతము. హైదరాబాదునకుఁ బడమటఁ గల శేరిలింగంపల్లి ప్రాంతము నేఁటికి ఏఁబదియేండ్ల క్రిందట గుట్టలును బండలును చెఱువులును మెట్టచేలును గల పల్లెసీమ. 1974వ సంవత్సరమున స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము పిమ్మట గచ్చిబౌలికి వచ్చి యచ్చటి బండల నడుమ నెలకొనెను. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన మాదాపురములో సైబర్ టవర్స్ అను భవనమును నాఁటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. ఆ సంవత్సరముననే గచ్చిబౌలిలో, జనులు ట్రిపుల్ ఐటీ యని పిలుచు విద్యాసంస్థ వెలసెను. ఇరువదియేండ్లు తిరుగకముందే యీ సీమ గణనయంత్రములతోఁ బనిచేయు లక్షలాది యువజనులకు నెలవయ్యెను.

ఈ సీమకు యంత్రమనుష్యుఁడును వచ్చెను. 2017వ సంవత్సరము నవంబరు 28వ తేదీన మాదాపురము చెంతనున్న అంతర్జాతీయ సమావేశ మందిరమునందుఁ బ్రపంచ పారిశ్రామికుల సభ జరిగెను. బెంగుళూరివారు చేసిన ‘మిత్ర’ యను యంత్రము వేదికపైకి రాఁగా, ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారును, అమెరికానుండి వచ్చిన ఇవాంకా ట్రంప్‌గారును దాని మీట నొక్కి సభను బ్రారంభించిరి. మఱుసటి ఫిబ్రవరిలో ఆ మందిరముననే జరిగిన ప్రపంచ సమాచార సాంకేతిక మహాసభకు సోఫియా యను యంత్రకాంత యతిథిగా వచ్చి ప్రశ్నలకు సమాధానములు చెప్పెను. 2017 డిసెంబరులో హైదరాబాదు సంస్థ యొకటి పోలీసు పనులకుఁ దోడ్పడు యంత్రమును జూబిలీహిల్సు కూడలిలో నిలిపి పరీక్షించెను. చూడవచ్చిన జనులు పాఱిపోలేదు. ప్రక్కన నిలిచి ఛాయాచిత్రములు తీసికొనిరి.

అట్లు నవ్వుచు ఛాయాచిత్రములు తీసికొన్న యువకులే యింటికిఁ బోయి, ‘యంత్రబుద్ధి వచ్చినది, మన కొలువు నిలుచునా?’ యని తల్లిదండ్రులతోఁ జెప్పుకొని కలఁతపడుచున్నారు. బొమ్మ యెదుటఁ గలుగని భయము బొమ్మ కానరానిచోటఁ గలుగుచున్నది. కావున నిందు రెండు భయములు గలవని గ్రహింపవలెను. ఒకటి కథలలోని భయము: యంత్రము తిరుగఁబడి మనలను జంపునని. రెండవది బ్రతుకులోని భయము: యంత్రము వచ్చి మన యన్నము తీసికొనునని. ఈ రెంటికిని మూలమొక్కటియే యని మా యభిప్రాయము. ఆ మూలము రోబోటు అను మాటలోనే దాఁగియున్నది.

ఈ మాటకు వయస్సు నూఱేండ్లకుఁ గొంచె మెక్కువ. చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920వ సంవత్సరమున ‘ఆర్. యు. ఆర్.’ అను నాటకమును బ్రకటించెను. 1921 జనవరి 25వ తేదీన అది ప్రాగు నగరపు జాతీయ నాటకశాలలోఁ బ్రదర్శింపఁబడెను. అందుఁ గృత్రిమముగా మనుష్యులను దయారుచేయు కర్మాగారమొకటి వర్ణింపఁబడినది. ఆ పనివాండ్రకు ఏమి పేరు పెట్టుదునా యని చాపెక్ మొదట లాటిన్ భాషలో శ్రమయను నర్థము గల పదము నాలోచించెనట. అది యతనికి రుచింపలేదు. చిత్రకారుఁడైన యతని యన్న యోసెఫ్, ‘రోబోటులు’ అనుమని చెప్పెనట. చెక్ భాషలో ‘రొబోత’ యనఁగా రైతు తన దొర భూమిలోఁ గూలి లేక నిర్బంధముగాఁ జేయవలసిన చాకిరి. ఆస్ట్రియా సామ్రాజ్యమున 1848వ సంవత్సరముదాఁక ఈ పద్ధతి చట్టబద్ధముగానే సాగెను. వారమున నిన్ని దినములు దొర పొలము దున్నవలెను. తన పొలమునకు మిగిలిన దినములే గతి.

ఇంగ్లీషు చదువరికి ఈ మాటను వివరింపవలసియుండును గాని తెలంగాణపు చదువరికి వివరింపఁ బనిలేదు. రొబోత యనఁగా వెట్టి. రోబోటు అనఁగా వెట్టివాఁడు. లోకమంతయు యంత్రవిజ్ఞానమునకుఁ జెందిన క్రొత్తమాటగా నుచ్చరించుచున్నది మన తాతలు దొరగడి ముంగిటఁ బడిన పాట్ల పేరే. శేరిలింగంపల్లి యను పేరులోని ‘శేరి’ యను మాటయు నిట్టిదే. ప్రభువు తనకొఱకు ప్రత్యేకించుకొని తన యధీనమున సాగుచేయించు భూమికి శేరి యని తెలుఁగున వాడుక. అట్టి పేరు గల యూరిలో నేఁడు వెట్టివాని పేరు గల యంత్రములనుగూర్చి పరిశోధనలు జరుగుచుండుట చరిత్రలోని వింత.

వెట్టి యెట్టిదో మఱచిన యువతరమునకై రెండుమాటలు చెప్పుట యుక్తము. హైదరాబాదు సంస్థానమున సర్కారీ యధికారి యూరికి వచ్చినచో నతని సామాను మోయువాఁడు, బండి కట్టువాఁడు, కుండలిచ్చు కుమ్మరి, బట్టలుతుకు చాకలి, చెప్పులు కుట్టి యిచ్చు మాదిగ, అందఱును కూలి లేకయే చేయవలెను. దేశముఖుని యింట శుభమైనను అశుభమైనను ఊరివారి చాకిరి తప్పదు. పసిబిడ్డ యింట నేడ్చుచున్నను తల్లి దొరగారి పొలమునకుఁ బోవలెను. వెట్టివానికిఁ బేరు లేదు, అలసట లేదు, అభిప్రాయము లేదు. పిలిచినప్పుడు పలుకుటయే యతని ధర్మము. దొర దృష్టిలో నతఁడు పనిముట్టు. చాపెక్ నాటకమునందలి రోబోటునకుఁ జెప్పిన లక్షణములును సరిగా నివియే.

కాలము కూడ విచిత్రముగాఁ గలిసివచ్చినది. ప్రాగులో నాటక మాడిన 1921వ సంవత్సరముననే, నవంబరు మాసమున, హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో కర్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కార సభ జరిగెను. అందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుఁగున మాటలాడఁగా సభలోనివారు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దల నడపుదలతో ఆ యుద్యమము వెట్టిచాకిరినిగూర్చి చిన్న పుస్తకములు ప్రకటించి, పల్లెవారికి వారి హక్కులను దెలిపెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. 1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య దొర మనుష్యుల తుపాకి గుండ్లకు నేలకొరగెను. 1950లో నమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగపు 23వ యధికరణము వెట్టిని నిషేధించెను. 1976లో వెట్టి కార్మిక పద్ధతిని రద్దుచేయు ప్రత్యేకచట్టము వచ్చెను. వెట్టివాఁడు మనుష్యుఁడని చట్టమున వ్రాయించుటకు మనకు ఇంతకాలము, ఇంత రక్తము పట్టినది.

ఇఁక నాటకకథకు వత్తము. రోబోటులు చౌకగాఁ బనిచేయుటచే లోకమంతట నమ్ముడుపోవును. మనుష్యులు పని మానుదురు. రాజులు రోబోటులకు నాయుధములిచ్చి యుద్ధములు చేయింతురు. మనుష్యులకు బిడ్డలు పుట్టుట మానును. హెలీనా యను దయాళువైన స్త్రీ, వీరికిని మనస్సుండవలెనని కోరఁగా, వైద్యుఁడొకఁడు కొన్నిటి నిర్మాణమును మార్చును. మనస్సు కలిగినంతనే వారికిఁ దమ దుస్థితి తెలియును. తిరుగుబాటు జరుగును, మనుష్యులందఱును జత్తురు. ఒక్కనిని మాత్రము రోబోటులు చంపకుండ విడుచును. అతఁడు ఆల్క్విస్టు అను నిర్మాణపు పనివాఁడు. అతనినేల విడిచిరి? అతఁడు తమవలెనే చేతులతోఁ బనిచేయువాఁడు గావున.

ఈ నాటకముయొక్క సారమంతయు నా యొక్క సంగతిలోఁ గలదని మేము తలంచెదము. రోబోటులకు మనుష్యజాతిపైఁ బగ లేదు. పని చేయని చేతులపై, పని చేయించుకొని పనివానిని మఱచిన చేతులపై మాత్రమే పగ. చదువరు లీ విషయమును మన పల్లెలకు అన్వయించి చూడుఁడు. వెట్టివాఁడు తిరుగఁబడునని యెవరు భయపడిరి? తోటి కూలివాఁడు భయపడలేదు. గడిలో మంచముపై నున్న దొర భయపడెను. యంత్రమనుష్యుఁడు తిరుగఁబడునను భయము యంత్రమునుగూర్చిన జ్ఞానమునుండి పుట్టినది కాదు. తాము చేసిన యన్యాయమునకు మాఱుదెబ్బ వచ్చునను యజమానుల యంతరాత్మనుండి పుట్టినది.

చాపెక్ తరువాత నీ భయము కథలలోఁ బెరిగెను. 1942లో ఐజాక్ అసిమోవ్ అను అమెరికా రచయిత భయమునకు విరుగుడుగా యంత్రమనుష్యులకు మూఁడు ధర్మసూత్రములు కల్పించెను. మొదటిది, మనుష్యునకు హాని చేయరాదు, కలుగనీయరాదు. రెండవది, మనుష్యుని యాజ్ఞ పాటింపవలెను. మూఁడవది, పై రెంటికి భంగము కలుగకున్నచోఁ దన్నుఁ దాను రక్షించుకొనవలెను. ముందు దొర ప్రాణము, పిమ్మట దొర మాట, మిగిలినచోఁ దన ప్రాణము! ఇది వెట్టివాని ధర్మమును వరుస తప్పకుండ వ్రాసినట్లే యున్నది. యంత్రమునకు బాధ లేదు గనుక నీ వరుసలో దోషము లేదు. కాని యీ వరుసను మనుష్యులకు వర్తింపఁజేసిన కాలము మన తాతలు చూచినది.

కంటికిఁ గనఁబడక చెవికి మాత్రము వినఁబడు నాటకమున భయము మఱింత పెరుగును. మన హైదరాబాదున దక్కన్ రేడియో శైశవదశలో నున్న దినములలోనే, 1938 అక్టోబరు 30వ తేదీన, అమెరికాలో ఆర్సన్ వెల్స్ అను యువకుఁడు అంగారక గ్రహవాసుల దండయాత్రను వార్తల తీరున రేడియో నాటకముగాఁ బ్రసారముచేసెను. కొందఱు శ్రోతలు నిజమనుకొని కలవరపడిరి. పత్రికలు ఆ కలవరమును బదింతలు చేసి వ్రాసినవి. రూపము కానరానప్పుడు శబ్దము మన భయమునే రూపముగాఁ దాల్చునని యానాఁడు లోకమునకుఁ దెలిసెను.

యంత్రమనుష్యులనుగూర్చియు నిట్టి శ్రవ్యనాటకములు వచ్చినవి. 1977లో ఇంగ్లండు టెలివిజనునందు ‘డాక్టర్ హూ’ కథలలో భాగముగా క్రిస్ బౌచర్ వ్రాసిన ‘ది రోబోట్స్ ఆఫ్ డెత్’ ప్రదర్శింపఁబడెను. ఎడారిలో ఖనిజములు త్రవ్వు మహావాహనము. అందుఁ గొలఁది మనుష్యులు, పెక్కండ్రు యంత్రభృత్యులు. ఒకరివెంట నొకరు మనుష్యులు హతులగుదురు. చంపిన చేయి యంత్రముదే. కాని యా యంత్రముల బుద్ధిని దిప్పినవాఁడు వారిలోఁ గలిసియున్న యొక మనుష్యుఁడు. 2011లో దీనికిఁ గొనసాగింపుగా నికొలస్ బ్రిగ్స్ ‘రోబోఫోబియా’ యను శ్రవ్యనాటకము వ్రాసెను. ‘యంత్రభృత్యుల భయము’ అని దాని పేరునకర్థము. యంత్రభృత్యులతో నిండిన నౌకలో మరల హత్యలు జరుగును. అందఱును యంత్రములనే యనుమానింతురు. తుదకు నేరమునకు మూలము మనుష్యుఁడని తేలును. మొదటి కథలో యంత్రము మనుష్యుని చేతిలో నాయుధమయ్యెను. రెండవ కథలో మనుష్యుల భయమే నేరగానికి మఱుఁగయ్యెను.

ఇంతదూర మేల? తెలుఁగు పిల్లలెల్లరు చూచిన శంకర్ చిత్రము ‘రోబో’ 2010లో వచ్చెను. అందు చిట్టి యను యంత్రమనుష్యుఁడు ప్రేమలో విఫలుఁడై చెడినను, ఊరినెల్లఁ దగులఁబెట్టు రాక్షసుఁడైనది మాత్రము దురాశాపరుఁడైన పండితుఁడొకఁడు వాని తలలో నాశనపు చిప్పు పెట్టిన పిమ్మటనే. 2018లో వచ్చిన కొనసాగింపు చిత్రములో, విప్పి మూలఁబడవేసిన యా చిట్టినే ప్రజలను రక్షించుటకు మరల బిగించి తెచ్చిరి. కథ లెన్ని మాఱినను ఒక్కమాట మాఱలేదు. చేయి యంత్రముది, తలంపు మనుష్యునిది.

మన ప్రాచీనులకు యంత్రపు బొమ్మలు తెలియవా యని యడుగవచ్చును. బాగుగాఁ దెలియును. పదునొకండవ శతాబ్దమున ధారానగరము నేలిన భోజరాజు పేర వెలసిన ‘సమరాంగణసూత్రధారము’ అను సంస్కృత గ్రంథమునఁ గదలు కొయ్యబొమ్మలను, ద్వారపాలక యంత్రములను వర్ణించినారు. ఆ భోజునిగూర్చియే ‘సింహాసన ద్వాత్రింశిక’ యను కథ గలదు. దానిని తెలంగాణమునకుఁ జెందిన కొఱవి గోపరాజు పదునేనవ శతాబ్దమునఁ దెలుఁగు కావ్యముగా రచించెను. విక్రమార్కుని సింహాసనమెక్కఁబోయిన భోజుని 32 సాలభంజికలు నడ్డగించును. అవి కత్తి దూయవు, గొంతు పట్టవు. ఒక్కొక్కటియు విక్రమార్కుని యొక్కొక్క గుణమును గథగాఁ జెప్పి, ‘ఇట్టి యౌదార్యము నీకుఁ గలదా? ఉన్నచో నెక్కుము’ అని యడుగును. మన కథలోని బొమ్మ రాజును జంపలేదు. రాజు యోగ్యతను బరీక్షించెను.

ఇప్పటికిని హైదరాబాదున సాలార్జంగు ప్రదర్శనశాలలో బొమ్మగడియారము ఎదుట ప్రతి గంటకును జనులు గుమిగూడుదురు. గడ్డము గల చిన్న యంత్రపు మనుష్యుఁడు తలుపు తెఱచుకొని వచ్చి, ఎన్ని గంటలో యన్ని దెబ్బలు కొట్టి లోనికిఁ బోవును. కమ్మరి బొమ్మ యొకటి క్షణక్షణము సుత్తితోఁ గొట్టుచునే యుండును. తల్లులు బిడ్డలను భుజములపై నెత్తి చూపుదురు. భయపడు బిడ్డ యొక్కఁడును లేఁడు. ఏలన, ఆ బొమ్మ యెవరి యన్నమును దీసికొనలేదు.

అన్నము తీసికొన్న యంత్రమును మన దేశ మెఱుఁగును. పశ్చిమగోదావరి తీరమున నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమునందు నేసిన బట్ట సముద్రములు దాఁటి పోయి, యైరోపా విపణులలో ‘మడపొల్లం’ అను పేర వెలసెను. పందొమ్మిదవ శతాబ్దమున మాంచెస్టరు మిల్లుబట్ట దిగుమతియైన పిమ్మట, బట్టకుఁ దమ యూరిపేరు మిగిలినది గాని సాలెవారికి మగ్గము మిగులలేదు. ఆ మిల్లులు పుట్టిన ఇంగ్లండుననే 1811వ సంవత్సరము మొదలు, లడ్డైటులను నేఁతపనివారు రాత్రులయందుఁ గర్మాగారములలోఁ జొచ్చి యంత్రములను బగులఁగొట్టిరి. 1812లో యంత్రమును బగులఁగొట్టుట మరణశిక్షకుఁ దగిన నేరమని చట్టము చేసిరి. 1813 జనవరిలో యార్కు నగరమున 17 మందిని ఉరితీసిరి. ఆ పనివారిని మూఢులని నేఁటికిని వాడుకగా నిందింతురు. కాని వారు నేర్పరులు. యంత్రమును వారు ద్వేషింపలేదు. యంత్రము పేరుచెప్పి కూలి తగ్గించి, పనితనము లేనివారిచేఁ జౌకగాఁ బనిచేయించుకొను యజమానుని ద్వేషించిరి. యజమానుఁడు చేతికందలేదు, యంత్రమందెను.

భయపడిన ప్రతివాఁడును నష్టపడుననియుఁ జెప్పరాదు. 1984లో సి. రంగరాజన్ గారి యధ్యక్షతఁ గల సంఘము బ్యాంకులలో గణనయంత్రములు పెట్టవలెనని నివేదించినప్పుడు, గుమాస్తాలు తమ పని పోవునని యాందోళనపడిరి. వారి సంఘములు యాజమాన్యములతో వాదించి, షరతులతో నొడంబడికలు చేసికొని, మెల్లమెల్లగా నా యంత్రములను లోనికి రానిచ్చినవి. ఆ రంగరాజన్ గారే 1997 మొదలు 2003 వఱకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నుండిరి. సైబర్ టవర్స్ తెఱచిననాఁడు రాష్ట్రమున రాజభవనమందున్నవారు వారే. తండ్రి ఖాతాపుస్తకములోని లెక్కను మ్రింగిన యంత్రమే కొడుకునకును గూఁతునకును మాదాపురములోఁ గూడు పెట్టెను. ఇందలి నీతి, యంత్రము మంచిదనియుఁ గాదు, చెడ్డదనియుఁ గాదు. సాలెవానికి బేరమాడు నోరు లేకపోయెను, గుమాస్తాకు నోరుండెను. ఫలితము యంత్రమునుబట్టి కాక యా నోటినిబట్టి మాఱెను.

ఇట్టి దృష్టితోఁ జూచిననే నేఁటి భయము బోధపడును. 2025 జూలైలో టాటా కన్సల్టెన్సీ సంస్థ 12,000 మందికిఁ బైగా నుద్యోగులను దగ్గింతునని ప్రకటించెను. ఇది యంత్రబుద్ధివలనఁ గాదని సంస్థాధిపతి చెప్పినను, శేరిలింగంపల్లి యిండ్లలో దీపము లానాఁడు చాలసేపు వెలిఁగియుండును. ఉద్యోగులెవ్వరు పోవలెనో యెవ్వరుండవలెనో నిర్ణయించునది గదిలోఁ గూర్చున్న మనుష్యులు. యంత్రముపేరు చెప్పినచో వారి ముఖములు మనకుఁ గనఁబడవు. మఱి రాత్రివేళ మన గుమ్మముకడకు భోజనపు పొట్లము తెచ్చు యువకునిఁ జూడుఁడు. ఏ వీథికిఁ బోవలెనో, ఎన్ని నిమిషములలోఁ జేరవలెనో, ఎంత కూలియో, అంతయు నతని చేతిలోని ఫోను నిర్ణయించును. అతనికి యజమానుని ముఖము తెలియదు. యంత్రము మనుష్యుని వలెనగునని మనము భయపడుచుండఁగా, మనుష్యుఁడే యంత్రమువలె నడపింపఁబడుచున్నాఁడు. రొబోత యను మాట కసలైన యర్థ మిదియే.

యంత్రము రాకపోవుటచేఁ గలిగిన ఘోరమును మనము చూచితిమి. 2016 ఆగష్టులో మాదాపురపు అయ్యప్ప సొసైటీ యొద్ద మురికికాలువ మ్యాన్‌హోలులో నలుగురు ఊపిరాడక మరణించిరి. అద్దాల మేడలకు ననతిదూరమున, యంత్రములకుఁ బాఠములు చెప్పు విద్యాలయములు గలచోట, మనుష్యుఁడు త్రాడు పట్టుకొని మలకూపములోనికి దిగవలసివచ్చెను. అట్టి పనిని నిషేధించు చట్టము 2013లోనే చేయఁబడినది. కోలారు బంగారుగనులయందు తెలుఁగు పాకీపనివారి యింటఁ బుట్టి, ఈ దురాచారమును రూపుమాపఁ బాటుపడిన బెజవాడ విల్సన్‌గారికి ఆ 2016లోనే మెగసెసే బహుమానము వచ్చెను. 2017లో హైదరాబాదు జలమండలి సన్నని వీథులలోఁ గూడఁ దిరుగఁగల చిన్న యంత్రవాహనములను గాలువల శుభ్రతకై ప్రవేశపెట్టెను. 2018లో కేరళ యువకులు ‘బ్యాండికూట్’ అను యంత్రమును నిర్మించిరి. అది మనుష్యునకు బదులు తానే కూపములోనికి దిగును. యంత్రమనుష్యుని జూచి భయపడుమని యా నలుగురి భార్యాబిడ్డలకు మన మెట్లు చెప్పఁగలము? అది యాలస్యముగా వచ్చినదనియే వారి దుఃఖము.

యంత్రవిద్యలోఁ దెలుఁగువాఁడు తొలివరుసలో నిలిచిన సంగతి యిచ్చటఁ జెప్పవలెను. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లోఁ బుట్టిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, లోకమున రాజ్ రెడ్డిగా బ్రసిద్ధులు, 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రోబోటిక్స్ విద్యాశాలకుఁ దొలి యధిపతియైరి. 1994లో గణనశాస్త్రమున మిక్కిలి గొప్పదగు ట్యూరింగు బహుమానమును ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తోఁ బంచుకొనిరి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాలకమండలికి నధ్యక్షత వహించిరి. మనుష్యుని మాటను యంత్రము గ్రహించుటయే వారి పరిశోధనలలో ముఖ్యము. అక్షరము రానివాఁడు సైతము తన నోటిమాటతో యంత్రముచేఁ బని చేయించుకొనవలెనని వారి యాశ. యంత్ర మెవరి మాట వినవలెనను ప్రశ్నకు పల్లెలోఁ బుట్టిన పండితుఁ డిచ్చిన సమాధానమిది. దొర మాట మాత్రమే వినునది రోబోటు. చదువురాని రైతు మాటయు వినునది మిత్రము.

ఇఁక గృహస్థులమైన మనము చేయఁదగినదేమి? యంత్రమును మ్రొక్కుటయుఁ దగదు, తిట్టుటయుఁ దగదు. సాలభంజికలవలె మనమును బ్రశ్నింప నేర్చుకొనవలెను. క్రొత్త యంత్రము వచ్చినపుడు, దీని మీట యెవరి చేతిలోఁ గలదు? దీనివలన మిగిలిన సొమ్మును, మిగిలిన తీఱికయు నెవరికిఁ జేరుచున్నవి? పని పోయినవానికి మఱియొక పని నేర్పువా రెవ్వరు? అని యడుగవలెను. కూపములోనికి దిగు పనిని ముందుగా యంత్రమున కొప్పగింపుఁడని పురపాలకులను గోరవలెను. మన బిడ్డలకు యంత్రవిద్యతోఁబాటు, వెట్టి చరిత్రను సైతము చదివింపవలెను. వెట్టి కథ యెఱిఁగిన యువకుఁడు యంత్రములకు సూత్రములు వ్రాయుచో నా సూత్రములందు దొరతనము కొంతయైనఁ దగ్గును.

అన్నిటికన్న ముందు మన యిల్లు చక్కఁబెట్టుకొనవలెను. తెల్లవాఱకముందే వచ్చి మన యంట్లు తోము స్త్రీకి వారమున నొకదిన మైనను సెలవు గలదా? ఆమెకు జ్వరము వచ్చిననాఁటి కూలి కోయుచున్నామా? పిలిచినప్పుడు పలుకుటయే తప్ప ఆమెకుఁ బేరును, బిడ్డలును, అభిప్రాయమును గలవని మన కెఱుకయేనా? యంత్రమనుష్యుఁడు మనలనేమి చేయునో యను చింతకు ముందు, మనుష్యుని యంత్రముగాఁ జేయుట మన వంటయింటిలో నాగినదా యని విచారింపవలెను. దొరతనము లేని యింటిలో వెట్టివాని భయముండదు.